ఓడినోళ్లు లేవాలె: ‘97’ ఆట మన హాస్టల్‌కు ఎందుకు



ఈసారి మన బాలుర, బాలికల హాస్టళ్లు కలిసి జరుపుకునే వార్షికోత్సవ ఆటల పోటీల పట్టిక మీరు చూసే ఉంటారు. కబడ్డీ, వాలీబాల్, క్యారమ్స్, చెస్, చివరి వరుసలో ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’. ఆ చివరి వరుస రాయించింది మా బ్యాచే. దాన్ని చూసి కొందరు పెద్దలు నొసలు చిట్లించారు. “పోరగాండ్లు ఇప్పటికే సెల్‌ఫోన్లల్ల మునిగిపోయిండ్రు, మళ్ల మనమే హాస్టల్ల వీడియో గేమ్ పెట్టుడేంది?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అడిగిన వాళ్లలో మమ్మల్ని పదో తరగతి గట్టెక్కించిన వాళ్లున్నారు. కాబట్టి మొహం చాటెయ్యకుండా, ఈ సంచికలోనే మా వాదన రాసిపెడుతున్నాం. చదివాక కూడా వద్దంటే ఆ వరుస కొట్టేయండి.

మేము ఎవరిమో కొత్త తమ్ముళ్లకు తెలియదు. బొగ్గు బాయి మీద బతికిన ఇళ్ల పిల్లలం. కొందరి నాన్నలు సింగరేణి కార్మికులు, ఎక్కువ మందివి కాంట్రాక్టు కూలి బతుకులే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి చేతులు మావే. చదువు పక్కన పెట్టి ఆడుకోండని మీకు చెప్పేంత తీరిక, తాహతు మాకు లేవు. అయితే ఆటలు ఉన్నోళ్ల పిల్లలకు వికాసమూ, మన పిల్లలకు చెడిపోవడమూ ఎలా అవుతాయో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సంగతిలోకి వస్తాం. తెలియని వాళ్ల కోసం ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. జపాన్‌లోని ఒసాకా నగరానికి చెందిన ఎస్‌ఎన్‌కే అనే కంపెనీ 1997లో విడుదల చేసిన కొట్లాట ఆట ఇది. మన దేశంలో అందరూ ముద్దుగా ‘97’ అనే పిలుస్తారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఆడతారు. ఒక్కొక్కరు ముగ్గురేసి వీరులను ఎంచుకుంటారు. ఒకడు పడిపోతే రెండోవాడు వస్తాడు, వాడూ పడితే మూడోవాడు. ముగ్గురూ పడితే ఆట అయిపోయినట్టు. ఒక హ్యాండిల్, నాలుగు బటన్లు. ఏ అంటే చిన్న గుద్దు, బీ అంటే చిన్న తన్ను, సీ పెద్ద గుద్దు, డీ పెద్ద తన్ను. ఇంతే సరంజామా. ఈ నాలుగు బటన్ల కోసం ప్రపంచంలో లక్షల మంది యువకులు తమ చిల్లర డబ్బులన్నీ పోశారు.

దీనికి దారి వేసింది మాత్రం ఇంకో కంపెనీ. 1991లో క్యాప్‌కామ్ వాళ్లు ‘స్ట్రీట్ ఫైటర్ 2’ తెచ్చారు. అంతకుముందు గేమ్ షాపుల్లో ఎక్కువగా మనిషికీ మెషీన్‌కూ పోటీ, ఎవరెక్కువ స్కోరు కొడితే వాళ్ల పేరు పైన. స్ట్రీట్ ఫైటర్ వచ్చాక పోటీ పక్కన నిలబడ్డ మనిషితో అయింది. తమాషా ఏమిటంటే, ఒక దెబ్బ తగిలి అవతలివాడు తేరుకునేలోపే రెండోది, మూడోది తగిలించే ‘కాంబో’ ఉందే, అది తయారు చేసినవాళ్లు ముందుగా అనుకున్నది కాదు. పరీక్షించేటప్పుడు కంటపడింది. పోనీలే, ఉండనియ్యమని వదిలేశారు. ఆ వదిలేసిన పొరపాటే తర్వాత ఈ జాతి ఆటలన్నిటికీ ప్రాణమైంది.

ఇక ఎస్‌ఎన్‌కే వాళ్లు 1990లో తెచ్చిన నియో జియో మెషీన్ కిటుకు వేరు. ఆట మారాలంటే డబ్బా మొత్తం మార్చక్కర్లేదు, లోపలి క్యాసెట్ మారిస్తే చాలు. కొన్ని డబ్బాల్లో రెండు, నాలుగు, ఆరు క్యాసెట్లు ఒకేసారి పట్టేవి. పెట్టుబడి తక్కువగా ఉన్న చిన్న షాపు యజమానికి ఇంతకంటే ఏం కావాలి? చైనా, మెక్సికో, పాకిస్తాన్, మన దేశం లాంటి చోట్ల ఈ కంపెనీ ఆటలు సందుసందుకూ పాకడానికి ఇదొక పెద్ద కారణమని మా అభిప్రాయం. ఆ కంపెనీ 2001లో దివాలా తీసింది. షాపుల్లో ఆట మాత్రం ఆగలేదు.

ఖనిలో చదువుకున్న సీనియర్ అన్నలను కదిలిస్తే ఆ షాపుల గురించి గంటలు గంటలు చెబుతారు. చీకటి గది, రేకుల కప్పు, ఉక్కపోత, గోడకు ఆనించిన మూడు నాలుగు డబ్బాలు. ఒక దాంట్లో ‘ముస్తఫా’ తప్పనిసరి. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనీ, అది 1993 నాటి క్యాప్‌కామ్ ఆట అనీ వాళ్లలో చాలామందికి నేటికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. తర్వాత ఆడాలనుకున్నవాడు తన బిళ్లను తెర కింద అంచు మీద పెడతాడు. అదే వాడి నంబరు. గెలిచినోడు నిలబడతాడు, ఓడినోడు లేస్తాడు. ఒక అన్న మాటల్లో చెప్పాలంటే, “రూపాయితోని గంట నిలబడ్డోడు ఆ దినం హీరో. రూపాయితోని నిమిషంల లేచినోడు బయట నిలబడి చూసుకుంట నేర్చుకోవాలె.”

పెద్దల భయం కూడా ఉత్తదేం కాదు. ఆ షాపుల్లో బడి ఎగ్గొట్టిన పిల్లలుండేవారు. బీడీలు, సిగరెట్లు అక్కడే అలవాటైనవాళ్లున్నారు. ఇంట్లో చిల్లర మాయమైతే మొదట వెతికేది ఆ సందులోనే. ఇవన్నీ నిజాలే. కానీ ఆ అన్నలే ఇంకో నిజం కూడా చెబుతారు. ఊళ్లో మన ఇంటిపేరు చెప్పగానే ఎదుటి మొహం రంగు మారడం మనందరికీ అనుభవమే కదా. ఆ డబ్బా ముందు మాత్రం అడిగే ప్రశ్న ఒక్కటే, “తర్వాత నంబర్ ఎవలది?” ఆఫీసర్ కొడుకైనా, బదిలీ ఫిల్లర్ కొడుకైనా బిళ్ల ఒకటే, బటన్లు అవే. లోకంలో అసమానత ఆ గది గడప బయట ఆగిపోయేదని మేము అనడం లేదు. ఒక రూపాయి సేపు వంతు కోసం వేచి ఉండేదని మాత్రం చెప్పగలం.

ఇప్పుడు ఆ షాపులు లేవు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు నలభై వేల దగ్గరికి వచ్చింది. బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. జీతం రోజున పిల్లల చేతిలో పడే చిల్లర తగ్గింది. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. దేనివల్ల ఎంత పోయిందో లెక్క కట్టడం మా వల్ల కాదు గానీ, పక్కన మనిషి లేకుండా ఆడే ఆటలు మిగిలాయన్నది కళ్ల ముందున్న సంగతి.

మా అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది. సెల్‌ఫోన్‌లో నేడు పిల్లలు ఆడే ఆటల్లో చాలావరకు ‘ఊరికే’ దొరుకుతాయి. తర్వాత తుపాకీకి రంగు కొనమంటాయి, చొక్కా కొనమంటాయి, కొన్ని ఏకంగా బలమే కొనమంటాయి. డబ్బున్నవాడు రాత్రికి రాత్రే బలవంతుడవుతాడు. 97లో కొనడానికి ఏమీ లేదు. 1997లో ఇయోరీ యగామి గుద్దుకు ఎంత బలం ఉందో ఇవాళా అంతే. మీ నాన్నకు ఎంత జీతమొచ్చినా అది పెరగదు. పెరిగేది మీ చెయ్యి మాత్రమే.

ఇంకా ప్రమాదకరమైనవి పందెం యాప్‌లు. మా బ్యాచ్‌లోనే ఒక మిత్రుడు స్కాలర్‌షిప్ డబ్బులు, ఆ తర్వాత అక్క పెళ్లికి దాచిన డబ్బులు అందులో పోసి, పరీక్ష ఫీజు కట్టలేక ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. ఎంత పోయిందని అడిగితే చెప్పడు. ఎలా ఓడావని అడిగినా చెప్పలేడు, ఎందుకంటే వాడికే తెలియదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే చట్టం చేసి నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా దొంగదారి లింకులు మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తూనే ఉన్నాయి. ఓటమి రెండు చోట్లా ఉంది. కానీ 97లో ఓడితే ఎందుకు ఓడామో తెర మీదే కనబడుతుంది. పైకి ఎగిరాం, కింద నుంచి లేచే గుద్దు తగిలింది. మళ్లీ ఎగిరాం, మళ్లీ తగిలింది. మూడోసారి ఎగరం. ఇంత చవకగా ఓటమిని చదువుకునే చోటు మాకు వేరే తెలియదు. “ఆడితే చెడిపోతరు” అనే పెద్దలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దని మా మనవి. ఆ 2025 చట్టం కూడా డబ్బు పందెం ఆటలను, ఇ-స్పోర్ట్స్‌ను వేరువేరుగానే చూసింది.

సరే, ఎలా మొదలుపెట్టాలి? కొత్తగా కూర్చున్నవాడు చేసే మొదటి పని అన్ని బటన్లనూ దడదడ కొట్టడం. కొట్టనివ్వండి. మొదటి రోజు అదే సంబరం. ఇనుప గుండు పట్టుకున్న లావాటి చాంగ్‌ను ఎంచుకుని ఏ బటన్ టకటకా నొక్కితే గుండు గిర్రున తిరుగుతుంది. కొత్తవాడికి అది ప్రపంచాన్ని జయించినట్టే ఉంటుంది. రాల్ఫ్ గుద్దుల వానా అలాంటిదే. నాలుగు ఆటల తర్వాత ఎదుటివాడు దానికి జవాబు కనిపెడతాడు. అప్పుడే అసలు పాఠం మొదలు.

ముందుగా ఒక్క వీరుణ్ణి పట్టుకోవాలి. దాదాపు ముప్పై మంది ఉన్నారు కదా అని పూటకొకరితో ఆడితే ఎవరూ పట్టుబడరు. మేమైతే టెర్రీ బోగార్డ్‌ను గానీ, ఇయోరీని గానీ, ఆడపిల్లల్లో అథీనాను గానీ తీసుకోమంటాం. వీళ్లలో ఒకరి చేతిలో దూరం నుంచి వదిలే ‘ఫైర్’ నేర్చుకోవాలి. టెర్రీకీ ఇయోరీకీ హ్యాండిల్‌ను కిందికి నొక్కి, వదలకుండా కింద-ముందు మూలకు జరిపి, ముందుకు తెచ్చి, అదే ఊపులో గుద్దు బటన్ కొట్టాలి. చంద్రవంకలో సగం గీసినట్టు ఉంటుంది. అథీనాకు ఇదే గీత వెనక్కి. చెప్పడానికి ఒక్క వాక్యం, చేతికి రావడానికి రెండు రోజులు. బొటనవేలు కందుతుంది. ఎడమ పక్క నిలబడ్డప్పుడు వచ్చేది కుడి పక్కకు మారగానే రాదు, ఎందుకంటే అంతా తిరగబడుతుంది. ఆ చిరాకులోనే సగం మంది లేచిపోతారు. లేవకండి.

రెండోది ఆపుకోవడం. దీన్ని ఎవరూ నేర్పరు, ఎందుకంటే చూడ్డానికి గొప్పగా ఉండదు. హ్యాండిల్‌ను వెనక్కి పట్టుకుంటే దెబ్బ ఆగుతుంది. వెనక్కి-కిందికి పట్టుకుని కూర్చుంటే కాళ్ల మీద కొట్టేవి కూడా ఆగుతాయి. కానీ పైనుంచి ఎగిరి వచ్చే దెబ్బను నిలబడే ఆపాలి. ఆపుకుంటూనే కూర్చుంటే అవతలివాడు దగ్గరకొచ్చి, ముందుకో వెనక్కో నొక్కి సీ గానీ డీ గానీ కొట్టి పట్టి విసిరేస్తాడు. అంటే కొట్టేవాణ్ణి ఆపేవాడు గెలుస్తాడు, ఆపేవాణ్ణి పట్టి విసిరేవాడు గెలుస్తాడు, విసరబోయేవాణ్ణి కొట్టేవాడు గెలుస్తాడు. రాయి, కాగితం, కత్తెర ఆటే ఇది. ఈ ఒక్క ముక్క తలకెక్కితే ఆట సగం వచ్చినట్టు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. తెర మీద సెకనుకు దాదాపు 60 బొమ్మలు మారుతుంటాయి. చిన్న గుద్దు నాలుగైదు బొమ్మలు దాటేలోపే తగులుతుంది. మనిషి కన్ను చూసి, మెదడు గ్రహించి, వేలు కదలడానికి సెకనులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు పడుతుంది, అంటే పన్నెండు నుంచి పదిహేను బొమ్మలు. కాబట్టి గుద్దును చూసి ఆపడం మనిషి వల్ల కాదు. రాబోతోందని ముందే పసిగట్టాలి. మన నాన్నలు బాయి లోపల పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడు విని, ఇది గట్టిదా వదులైందా అని చెబుతారే, ఆ రకం ఎరుక ఇది. వాళ్లది ప్రాణాలతో చెలగాటం, మనది ఆట, రెండూ ఒకటని అనడం లేదు. కానీ ఎదుటిదాన్ని గమనించి ముందుగా తెలుసుకోవడం పుస్తకంలో రాదు, పదేపదే ఎదురుపడితేనే వస్తుంది.

కాంబో గురించి చివర చెబుతున్నాం, ఎందుకంటే కొత్తవాళ్లు దాని మీదికే మొదట ఉరుకుతారు. ఇయోరీతో ఎగిరి సీ, దిగి దగ్గరగా నిలబడి సీ, వెంటనే కింది నుంచి వెనక్కి గీత గీసి గుద్దు, అదే మళ్లీ, మళ్లీ, మొత్తం మూడుసార్లు. ఇది తగిలితే చుట్టూ నిలబడ్డవాళ్లు అరుస్తారు. అరుపు కోసమే చాలామంది ఆడతారు, మేమూ కాదనం. కానీ ఆపుకోవడం రాకుండా ఇది ఒక్కటి నేర్చినవాడు మూడు వారాల్లో అందరికీ తెలిసిపోతాడు, ఆ తర్వాత అందరి చేతిలో ఓడిపోతాడు.

గొడవలన్నీ వచ్చేది ఒక్క మాట దగ్గర, ‘చీటింగ్’. మూలకు తోసి అదే దెబ్బ కొడితే చీటింగ్, పట్టి విసిరితే చీటింగ్, దూరం నుంచి ఫైర్ వదులుతూ ఉంటే చీటింగ్. ఈ పేరుతో పాత షాపుల్లో తలకాయలు పగిలాయని అన్నలు చెబుతారు. మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం. జవాబు ఉన్నది ఏదీ చీటింగ్ కాదు. ఫైర్ వస్తే ఏ, బీ కలిపి నొక్కి దొర్లి దాటొచ్చు. పట్టబోతే దూరం జరగొచ్చు. ఓడినవాడు “చీటింగ్” అన్న క్షణం నుంచి నేర్చుకోవడం మానేస్తాడు. అయితే 97లో ఒకసారి తగిలితే చివరిదాకా విడిపించుకోలేని కాంబోలు నిజంగానే ఉన్నాయి. ఇది లోపాలున్న ఆట. అలాంటివి మన పోటీలో వద్దని ముందే రాసుకుందాం. తీర్పు చెప్పేవాళ్లు ముందే ఉంటే తలకాయలు పగలవు.

ఇప్పుడు అన్నలకు కాస్త చేదుగా ఉండే మాట. మీరు చెప్పే ఆ బంగారు రోజుల్లో ఒక్క ఆడపిల్ల అయినా ఆ గదిలో బిళ్ల పెట్టిందా? మేము అడిగిన ఏ అన్నా ఉందని చెప్పలేదు. ఆ డబ్బా ముందు అందరూ సమానమే అన్నప్పుడు ఆ ‘అందరి’లో మన అక్కలు లేరు. తెర మీద మై షిరానుయ్ రాగానే ఈలలు వేసిన చోటుకు ఏ చెల్లె వస్తుంది? ఇదే హాస్టళ్లలో చెల్లెళ్లు చెస్‌లో, ఖోఖోలో మనకంటే ముందున్నారు. మొన్న సెలవుల్లో బాలికల హాస్టల్ ఇంటర్ చెల్లె ఒకరు మా దగ్గర ఒక గంట కూర్చుని, నాలుగో ఆట కల్లా కిమ్‌తో మమ్మల్ని మూలకు తోసింది. అందుకే పోటీ పెడితే ఇద్దరికీ కలిపే పెట్టాలి, పగటిపూటే జరగాలి, ఈల వేసినవాడు ఆ పూటకు బయటికి పోవాలి. దీనికి ఒప్పుకోకపోతే మేమే ఆ చివరి వరుస కొట్టేస్తాం. పాత షాపును తిరిగి తెరవాలన్న కోరిక మాకు లేదు.

బయటి ప్రపంచంలో ఈ ఆటల సంగతి కూడా నాలుగు ముక్కలు తెలుసుకోవాలి. 1996లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక గేమ్ సెంటర్లో నలభై మంది చేరి పెట్టుకున్న పోటీ, 2002 నుంచి ‘ఈవో’ పేరుతో సాగుతోంది. ఇవాళ ఈ రకం ఆటలకు అంతకంటే పేరున్న పోటీ లేదు. 2004 ఈవోలో జపాన్ ఆటగాడు దైగో ఉమెహరా ఒక్క దెబ్బ తగిలినా ఓడిపోయే స్థితిలో, జస్టిన్ వాంగ్ చేతిలోని చున్-లీ కొట్టిన పదిహేను తన్నులనూ ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి ఒక్కో నొక్కుడుతో తిప్పికొట్టి గెలిచాడు. వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. చూసి నోరు తెరవడం కాదు, అది ఎన్నిసార్లు సాధన చేస్తే వస్తుందో ఆలోచించండి.

మనకు ఇంకా దగ్గరిది లాహోర్ కుర్రాడు అర్సలాన్ సిద్దిఖీ కథ. అర్సలాన్ యాష్ పేరుతో ఆడతాడు. 2019లో టెక్కెన్ 7 ఆటలో ముందు జపాన్‌లో, తర్వాత లాస్ వేగాస్‌లో రెండు ఈవోలు గెలిచాడు. అప్పటిదాకా టెక్కెన్ అంటే కొరియా, జపాన్ అనుకునేవాళ్లు నివ్వెరపోయారు. మా దేశంలో నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని అతను చెబితే మొదట ఎవరూ నమ్మలేదు, తర్వాత వాళ్లూ వచ్చి గెలవడం మొదలుపెట్టారు. వీసా కోసం నానా తిప్పలు పడాల్సిన దేశం, పెద్ద కంపెనీల అండ లేదు. మరి ఏముంది? పక్కన కూర్చుని ఓడించేవాళ్లున్నారు. ఒకణ్ణొకడు ఓడించుకుంటూ, చెప్పుకుంటూ పదును పెట్టుకున్నారు. మన హాస్టల్ మెస్‌లో కూడా ఉన్నది అదే కదా!

వయసు దాటిందనుకునే అన్నలకు కూడా ఒక కబురు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీగా ఉంది. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44 ఏళ్లు.

ఇవన్నీ చెప్పి, ఇదొక కెరీర్ అని మీకు ఆశ పెట్టం. ప్రపంచంలో దీనితో బతికేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. గ్రూప్స్‌కు చదివేవాళ్లు చదవండి, సింగరేణి నోటిఫికేషన్ కోసం చూసేవాళ్లు చూడండి. రాత్రి స్టడీ అవర్ స్టడీ అవరే. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, పక్కన మనిషితో. ఇంతకు మించి మేము అడగడం లేదు.

ఏర్పాట్ల గురించి. ఎవరూ ఫోన్లలో దొంగ కాపీలు దించుకుని వైరస్‌లు తెచ్చుకోవద్దు. ఇదే ఆటను 2018లో ‘గ్లోబల్ మ్యాచ్’ పేరుతో కంప్యూటర్లకు మళ్లీ విడుదల చేశారు. మా ఏడుగురం పంచుకుని కొన్నాం. ఒక పాత కంప్యూటర్ సీనియర్ అన్న ఒకరు ఇచ్చారు, యూఎస్‌బీ కంట్రోలర్లు రెండు తెచ్చాం. నెట్‌లో దూరపు మనుషులతో కూడా ఆడొచ్చు. ఈవో పెట్టిన వాళ్లలో ఒకరైన టోనీ కానన్ తయారు చేసిన పద్ధతితో, అవతలివాడి తర్వాతి నొక్కుడును ముందే ఊహించి, తప్పైతే వెనక్కి వెళ్లి సరిచేసుకునే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంది. కానీ మొదటి ఆరు నెలలు దాని జోలికి పోకండి. తెర అవతల ఓడించినవాడు ఎందుకు ఓడావో చెప్పడు.

పోటీకి ఒక్క కొత్త నియమం పెట్టాం. ఓడినవాళ్లు లేవాలి, అది పాతదే. గెలిచినవాళ్లు మాత్రం తర్వాతి ఆట మొదలుపెట్టే ముందు, ఓడినవాళ్లకు ఎక్కడ దొరికిపోయారో ఒక్క మాట చెప్పాలి. చెప్పకుండా మొదలుపెడితే ఆ ఆట చెల్లదు. డబ్బు పందెం, టిఫిన్ పందెం, సబ్బు పందెం ఏదీ లేదు.

వార్షికోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, డైనింగ్ హాల్లో. బాలికల హాస్టల్ వాళ్ల ఆటో సాయంత్రం అయిదుకు వస్తుంది కాబట్టి వాళ్ల వంతులు ముందు పెట్టాం. బొత్తిగా తెలియని వాళ్ల కోసం ఆ ఉదయమే రెండు గంటలు నేర్పుతాం. పేర్లు ఇవ్వాల్సింది మెస్ నోటీసు బోర్డు పక్కన దారంతో కట్టిన నోటుబుక్కులో. ఈ వ్యాసం ప్రెస్సుకు ఇచ్చేనాటికి పదకొండు పేర్లు వచ్చాయి. నాలుగు చెల్లెళ్లవి, ఒకటి మన వంట అన్నది.